తొమ్మిదింటిలో అయిదు: సొంత క్యాంపెయిన్‌కు ఎస్‌ఆర్‌డీ 5.2 జాతులు ఎంతవరకు పనికొస్తాయి?

కర్నూలులో మా ఇంటి మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు అయిదుగురు ఆటగాళ్ళతో నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడుపుతుంటాను. ఒక్కొక్కరూ ఒక పాత్రను తీసుకుని, పాచికలు వేస్తూ ఊహాలోకంలో కథ నడిపే ఆట ఇది. వారాల తరబడి సాగే ఒక్కో కథను క్యాంపెయిన్ అంటారు. పాత క్యాంపెయిన్ ముగిశాక, ఎవరో అచ్చువేసిన లోకంలో కాకుండా మేమే అల్లుకున్న లోకంలో ఆడాలని అందరం అనుకున్నాం. దానికి రాతిసీమ అని పేరు పెట్టుకున్నాం. సున్నపురాయి కొండలు, వాటి అడుగున మైళ్ళ పొడవున గుహలు, ఏడాదిలో రెండు నెలలు పొంగి మిగతా పది నెలలు ఇసుక తిన్నెలుగా పడి ఉండే ఒక నది, ఊరికొక చెరువు, ఆ చెరువు నీటి కోసం తరతరాల తగవులు ఉన్న సీమ అది. అక్కడ ఎవరెవరు బతుకుతారు, ఆటగాళ్ళు ఏయే జాతుల పాత్రలను తీసుకోవచ్చు అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఉచితంగా విడుదల చేసిన నియమాల పత్రం, సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.2ను ఆధారంగా తీసుకున్నాను. ఆటగాళ్ళు దాన్ని ఎస్‌ఆర్‌డీ అంటారు. ఈ సమీక్షలో ఆ పత్రం మొత్తాన్ని తూచడం లేదు. సొంత లోకం కట్టుకునేవారికి అందులోని జాతుల భాగం ఎంతవరకు పనికొస్తుందో మాత్రమే చెబుతున్నాను.

ఇది 360 పేజీల పైచిలుకు పీడీఎఫ్. 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో, అంటే డబ్బు పెట్టి కొనే ముఖ్య నియమాల పుస్తకంలో, పది జాతులుంటే ఇందులో తొమ్మిది ఉన్నాయి: డ్రాగన్‌బార్న్ (డ్రాగన్ పోలికలున్నవారు), డ్వార్ఫ్ (పొట్టిగా దృఢంగా ఉండేవారు), ఎల్ఫ్ (పొడుగు చెవుల దీర్ఘాయువులు), నోమ్ (చిన్న ఆకారపు మాయగాళ్ళు), గోలియత్ (రాకాసి దేహుల వంశంవారు), హాఫ్లింగ్ (మనిషిలో సగం ఎత్తువారు), మనిషి, ఓర్క్ (బలిష్ఠులు), టీఫ్లింగ్ (పాతాళ లోకాల అంశ ఉన్నవారు). పదోదైన ఆసిమార్ (దివ్య అంశ ఉన్నవారు) జాతి మాత్రం పుస్తకం కొన్నవారికే దొరుకుతుంది. పత్రం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు కింద ఉంది కనుక, మూలాన్ని పేర్కొనే వాక్యాన్ని చేర్చినంత కాలం ఎవరైనా దీన్ని మార్చుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు, తాము తయారుచేసినదాన్ని అమ్ముకోవచ్చు కూడా. సొంత లోకం కట్టేవారు మొదటి రోజు నుంచే పేర్లు మారుస్తారు, లక్షణాలు తీసేస్తారు, కొత్తవి అతికిస్తారు. ఆ పనికి ముందే అనుమతి ఇచ్చిన పత్రం చేతిలో ఉండటాన్ని నేను పెద్ద సదుపాయంగా భావిస్తున్నాను.

ఇంతకుముందు ఒకసారి సొంత లోకం కట్టినప్పుడు నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పుకోవాలి. అడిగిన జాతినల్లా ఒప్పుకున్నాను. అయిదుగురు అయిదు రకాల పాత్రలతో వచ్చారు, ఒక్కొక్కరూ చూడముచ్చటగా ఉన్నారు, కానీ ఏ ఊళ్ళో అడుగుపెట్టినా వారిని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎవరూ భయపడలేదు, ఎవరూ చుట్టరికం కలపలేదు. ఆ జాతులకు లోకంలో ఊరు లేదు, పొలం లేదు, పని లేదు. నాలుగో వారానికి జాతి అన్నది పాత్ర పత్రం మీద ఒక పదంగా మిగిలిపోయింది. ఈసారి రాతిసీమ పటం గీసి నేను తొమ్మిది జాతులనూ వరుసగా చెప్పుకుంటూ పోతుంటే, పత్తికొండ వైపు నుంచి వచ్చే ఆటగాడు మధ్యలో ఆపి, "అన్నా, వీళ్ళంతా నీళ్ళు యాడ తాగుతారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నే మాకు జల్లెడ అయింది. నీళ్ళు ఎక్కడివి, తిండి ఎక్కడిది, పక్క ఊరివాళ్ళకు వీళ్ళతో ఏం అవసరం అన్న మూడింటికి సమాధానం చెప్పలేని జాతిని పటం మీద పెట్టకూడదని తీర్మానించుకున్నాం.

ఎస్‌ఆర్‌డీ ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఇవ్వదు. ఒక్కో జాతికి పరిమాణం, వేగం, ప్రత్యేక లక్షణాలు క్లుప్తంగా ఇచ్చి ఊరుకుంటుంది. వారి పెళ్ళిళ్ళు, పండుగలు, వంటలు, దేవుళ్ళ ప్రస్తావన దాదాపు లేదు. తయారైన లోకం కావాలనుకునేవారికి ఇది లోటుగానే కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది ఖాళీగా వదిలిన ఇంటిస్థలంలా అనిపించింది. పాత గోడలు పడగొట్టే శ్రమ తప్పింది.

లక్షణాలను చదివే ముందు ఒక మాట గురించి మేం చాలాసేపు చర్చించుకున్నాం. ప్రచురణకర్తలు "రేస్" అన్న పాత మాటను వదిలి "స్పీషీస్" అన్న మాట తీసుకుంటున్నట్టు 2022 డిసెంబరులో ప్రకటించారు, కొత్త పత్రంలో అదే వాడారు. తెలుగులో మనం రెండింటికీ "జాతి" అనే అంటాం. ఆ మాటకు మన దగ్గర బరువు ఎక్కువ. కులాన్ని సూచిస్తూ ఈసడింపుగా అన్నవారినీ విన్నాం, జాతీయ జెండా అన్నప్పుడు గౌరవంగానూ పలుకుతాం, వజ్రాల నేల మీద పుట్టినవాళ్ళం కనుక "జాతి రాయి" అంటే మేలిమి రాయి అని కూడా మాకు తెలుసు. నియమాల గురించి మాట్లాడేటప్పుడు జాతి అనే అందాం, ఆట లోపల పాత్రలు మాత్రం ఒకరినొకరు "రాతిసీమవాళ్ళు", "గవివాళ్ళు" అని ఉండే చోటును బట్టి పిలుచుకోవాలి అని నియమం పెట్టుకున్నాం. చిన్న మార్పే అయినా, ఆ తరువాత పాత్రల మధ్య గొడవలు పుట్టుక మీదికి పోకుండా నీటి మీద, దారి మీద, బాకీల మీద నడిచాయి.

గవివాళ్ళు అంటే మా లోకంలో డ్వార్ఫులు. మరుగుజ్జు అన్న మాటను పక్కన పెట్టాం. అది మన మధ్య బతుకుతున్న మనుషులను చులకన చేసే మాట. మా సీమలో గుహను గవి అంటారు కనుక ఆ పేరు సహజంగా అమరింది. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళిన బెలుం గుహలను చూసినవారికి వీళ్ళ ఊళ్ళను ఊహించుకోవడం కష్టం కాదు. అక్కడ 3,229 మీటర్ల పొడవున సున్నపురాయిని నీరు తొలిచిన దారులున్నాయి, అట్టడుగున పాతాళగంగ అనే ఊట ఉంది. పైన చెరువులు ఎండినా కింద నీరు ఉండే జనం వీళ్ళు. నీళ్ళు ఎక్కడివన్న ప్రశ్నకు సమాధానంతో పాటు, పైవాళ్ళకు వీళ్ళతో ఏం అవసరమో కూడా అక్కడే దొరికింది.

నియమాలు కూడా ఈ ఊహకు బాగా సహకరించాయి. కొత్త పత్రంలో డ్వార్ఫుకు 120 అడుగుల దాకా చీకట్లో చూపు ఉంది, విషాన్ని తట్టుకునే శక్తి ఉంది, అన్నిటికీ మించి స్టోన్‌కనింగ్ అనే లక్షణం ఉంది. రాతి నేల మీద నిలబడో, రాతిని తాకుతూనో ఈ శక్తిని వాడితే, పది నిమిషాల పాటు 60 అడుగుల లోపల కదిలేవాటి అదురు తెలుస్తుంది. పాత 5.1 సంచికలో ఇదే పేరున్న లక్షణం రాతికట్టడాల చరిత్ర గుర్తుకు తెచ్చుకోవడానికి మాత్రమే పనికొచ్చేది. మొదటి ఆటలో గవివాళ్ళ పాత్ర తీసుకున్న అమ్మాయి ఈ శక్తిని వాడుతున్నానని చెప్పి, నిజంగానే వంగి మా మిద్దె మీద పరచిన బేతంచెర్ల నాపరాయి మీద అరచెయ్యి ఆనించింది. అదే సమయంలో కింద వంటింట్లో మా అమ్మ రోట్లో పచ్చడి నూరుతోంది. ఆ అదురు చేతికి తెలిసి ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసిన చూపును నేను మరచిపోలేను. గోడ అవతల ఎవరో రాయి తొలుస్తున్నారని అప్పటికప్పుడు కథ మార్చాను. గాల్లో ఎగిరేదాన్ని ఈ శక్తి పట్టలేదని నియమం చెబుతుంది కనుక, గబ్బిలాలు మాత్రం ఇప్పటికీ గవివాళ్ళను ఉలిక్కిపడేలా చేస్తున్నాయి.

చీకటి గురించి మాట్లాడితే, ఈ పత్రంతో నాకున్న పెద్ద పేచీ అక్కడే ఉంది. తొమ్మిది జాతుల్లో ఆరింటికి చీకట్లో చూపు ఉంది. లేనిది మనిషికి, హాఫ్లింగ్‌కు, గోలియత్‌కు మాత్రమే. గుహల చుట్టూ తిరిగే క్యాంపెయిన్‌లో బృందమంతా చీకట్లో చూడగలిగితే కాగడాకు విలువ ఉండదు, నూనెకు ధర ఉండదు, గుహ లోపలికి వెళ్ళడం పగటిపూట సందులో నడవడంతో సమానమవుతుంది. గుహలో ఫోన్ల లైట్లన్నీ ఆర్పేసి ఒక నిమిషం నిలబడినవారికి ఆ చీకటి ఎంత చిక్కగా ఉంటుందో తెలుసు. కళ్ళు మూసినా తెరిచినా తేడా తెలియదు. ఆ అనుభవాన్ని ఆటలో నిలుపుకోవాలంటే జాతులను ఏరేటప్పుడే జాగ్రత్త పడాలి. అందుకే మేం ఎంచుకున్న అయిదింటిలో ఈ చూపు లేని ముగ్గురూ ఉన్నారు. మిగిలిన ఇద్దరిలో డ్వార్ఫ్ గుహల మనిషి. రెండోవారు ఓర్కులు.

ఓర్కుల విషయంలో నేను ఎక్కువ ఆలోచించాను. పాత 5.1 పత్రం సగం ఓర్క్ పాత్రల గురించి, వారు మంచి వైపు అంతగా మొగ్గరనీ, ఓర్కుల మధ్య పెరిగి అక్కడే ఉండిపోయేవారు సాధారణంగా దుష్టులేననీ రాసింది. 5.2లో అటువంటి వాక్యాలు లేవు. ఇది సరైన దిద్దుబాటు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మా ఆటగాళ్ళలో ఒకరు ఓర్కులకు తెలుగులో రాక్షసులు అని పేరు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇదే పత్రం రాక్షసులను దుష్టశక్తుల పద్దులో ఒక క్రూర ప్రాణిగా చేర్చింది కానీ, మన కథల్లో రాక్షస కులంలో విభీషణుడు పుట్టాడు, అసురుడి ఇంట ప్రహ్లాదుడు పుట్టాడు. ఆ ప్రహ్లాదుడి కోసం నరసింహుడు వెలిశాడని చెప్పుకునే అహోబిలం మాకు ఎంతో దూరంలో లేదు. పుట్టుకతోనే ఒకరు చెడ్డవారు అనే లోకాన్ని ఈ నేల మీద కూర్చుని కట్టడం నాకు నచ్చలేదు.

మా ఓర్కులు మందలు తోలేవాళ్ళు. ఎండలకు తట్టుకోలేక రాత్రిపూట మందలు నడుపుతారు కనుక 120 అడుగుల చీకటి చూపుకు అర్థం కుదిరింది. కోతలయ్యాక రైతులు తమ పొలాల్లో వాళ్ళ మందను రాత్రికి ఆపించుకుంటారు, ఎరువు కోసం. దానికి గింజలు కొలిచి ఇస్తారు. దెబ్బతిని పడిపోవలసిన సమయంలో ఒక్కసారి నిలదొక్కుకునే శక్తి, పరుగెత్తి ఊపిరి పుంజుకునే శక్తి అని పత్రం ఇచ్చిన రెండు లక్షణాలూ తోడేళ్ళ వెంట పడే కాపరికి అతికినట్టు సరిపోయాయి. ఇక్కడ ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం: పనిని అరువు తెచ్చుకోవచ్చు, మనుషులను తెచ్చుకోకూడదు. నల్లమల చెంచులను అడవి ఎల్ఫులుగా చూపిద్దామన్న సూచనను ఈ కారణంతోనే వదిలేశాం. నిజంగా బతుకుతున్న సమాజానికి పొడుగు చెవులు తగిలించి, మాయలు అంటగట్టి ఆడుకోవడం వారిని మనుషుల లెక్కలోంచి తీసేయడమే అవుతుంది.

హాఫ్లింగులు మా లోకంలో వజ్రాలు వెతికేవాళ్ళు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వంగి నడుస్తూ రాళ్ళు ఏరడం చూసినవారికి ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే మళ్ళీ వేసుకునే అవకాశం హాఫ్లింగ్ లక్షణాల్లో ముఖ్యమైనది. మూడో వారం మా ఆటగాడు పొలంలో రాయి వెతుకుతూ పాచిక వేస్తే ఒకటి పడింది, మళ్ళీ వేస్తే పద్దెనిమిది పడింది. చేతిలోంచి జారిన రాయే బురద కడుక్కుని మెరిసిందని నేను వర్ణించాను. నియమం, వృత్తి, కథ ఒకే పాచికలో కలిసి రావడం అరుదు. ఇక్కడ కలిసింది.

గోలియత్‌కు ఆరు రకాల వంశాలు ఇచ్చారు. మేఘం, మంచు, తుఫాను వంటివి మా సీమకు దూరం కనుక రాతి వంశాన్ని, కొండ వంశాన్ని మాత్రమే ఉంచాం. పాత్ర అనుభవంతో ఎదిగి అయిదో స్థాయికి చేరాక పది నిమిషాల పాటు భారీగా పెరిగే శక్తి ఉన్నా, చుట్టూ చోటు ఉంటేనే అది పనిచేస్తుంది. ఇరుకు గుహలో దానికి దానంతట అదే హద్దు ఏర్పడింది. మనుషుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, కానీ కొత్త ఆటగాళ్ళకు నేను వారినే సూచిస్తాను. మొదటి స్థాయిలోనే అదనపు ఫీట్ (ఒక ప్రత్యేక సామర్థ్యం), అదనపు నైపుణ్యం వస్తాయి, గుర్తుంచుకోవలసినవి తక్కువ.

వదిలేసిన నాలుగింటిలో డ్రాగన్‌బార్న్ విషయమే కాస్త బాధ పెట్టింది, ఎందుకంటే ఒక ఆటగాడు దాని మీదే మనసు పెట్టుకున్నాడు. అయిదో స్థాయిలో దానికి పది నిమిషాలు ఎగిరే శక్తి వస్తుంది. మా కథ నడుమ గండికోట దగ్గర పెన్న కోసిన లోయలాంటి లోయ ఒకటి ఉంది, దాన్ని దాటడమే నాలుగు వారాల ఆట. ఎగిరి అవతల తాడు కట్టేవాడు బృందంలో ఉంటే ఆ నాలుగు వారాలూ ఒక పూటలో అయిపోతాయి. ఆ మాట అతనికి దాచకుండా చెప్పాను, అతను గోలియత్‌ను తీసుకున్నాడు. ఎల్ఫులను ఆయుష్షు కారణంగా వదిలాం. 5.1 పత్రం వారు 750 ఏళ్ళ దాకా బతకగలరంటుంది. చెరువు ఎవరు తవ్వించారు, తూము ఎవరు మూయించారు అన్న రహస్యం మీద నడిచే కథలో, తవ్విన రోజు అక్కడే ఉన్నానని చెప్పగల పాత్ర ఉంటే ఇక వెతకడానికి ఏమీ మిగలదు. టీఫ్లింగ్‌కు పాతాళ లోకాలు కావాలి, మా పాతాళంలో నీళ్ళు మాత్రమే ఉన్నాయి. నోమ్ చేయగల పని మా హాఫ్లింగ్ చేస్తోంది.

అసలు కొరత జాతుల్లో లేదు, నేపథ్యాల్లో ఉంది. నేపథ్యం అంటే సాహసాలకు బయల్దేరే ముందు ఆ పాత్ర చేసిన పని. 1974లో ఈ ఆట తొలిసారి వచ్చినప్పుడు డ్వార్ఫ్ పాత్ర యోధుడు మాత్రమే కాగలిగేది, అదీ ఆరో స్థాయి దాకానే. ఆ కట్టడి పోయి చాలాకాలమైనా, 5.1లో కూడా సగం ఓర్కుకు బలంలో రెండు, ఎల్ఫుకు చురుకుదనంలో రెండు అని జాతిని బట్టే పాయింట్లు కలిసేవి, దాంతో ఆటగాళ్ళు జాతిని మనసును బట్టి కాక లెక్కను బట్టి ఎంచుకునేవారు. 5.2 ఆ పాయింట్లను జాతి నుంచి తీసి నేపథ్యానికి ఇచ్చింది. ఓర్కు పండితురాలు కావాలన్నా ఇప్పుడు ఏ నష్టమూ లేదు, మా బృందంలో అటువంటి పాత్ర ఉంది కూడా. అయితే ఉచిత పత్రంలో నేపథ్యాలు నాలుగే: ఆలయ సేవకుడు, నేరస్తుడు, పండితుడు, సైనికుడు. హ్యాండ్‌బుక్‌లో పదహారు ఉన్నాయి. కాపరికి, రాయి తొలిచేవాడికి, చెరువు నీటిని పొలాలకు పంచే నీరుగంటికి ఈ నాలుగింటిలో చోటు లేదు. నాలుగింటినీ నమూనాగా పెట్టుకుని మా నేపథ్యాలు మేమే రాసుకున్నాం. నీరుగంటికి ఓర్పు, వివేకం, మాటకారితనం ఇచ్చాం. ఎదుటివారి మనసు పసిగట్టే నైపుణ్యం, ఒప్పించే నైపుణ్యం చేర్చాం. రెండు సాయంత్రాలు పట్టింది.

రెండు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన పాత్రల కోసం ఈ పత్రంలో నియమం లేకపోవడం ఇంకో లోటు. పాత పత్రంలో సగం ఎల్ఫ్, సగం ఓర్క్ ఉండేవి, ఇప్పుడు తీసేశారు. మా ఓర్కు పండితురాలి తండ్రి మనిషి. లక్షణాలన్నీ తల్లివైపు నుంచి తీసుకుని, భాషను, ఇంటిపేరును తండ్రివైపు నుంచి తీసుకుంది. నియమాల పరంగా అంతే సరిపోయింది, కానీ తల్లివైపు, తండ్రివైపు పెళ్ళిళ్ళలో ఆమెను ఏ పంక్తిలో కూర్చోబెడతారన్నది ఇంకా ఆటలో తేలలేదు.

మొత్తంగా ఈ భాగానికి అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. తొలిసారి ఆడేవారు, తయారైన ఊళ్ళు, దేవుళ్ళు కావాలనుకునేవారు హ్యాండ్‌బుక్ కొనుక్కోవడమే మంచిది. సొంత లోకం కట్టేవారు మాత్రం డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ పత్రం దించుకుని, ఆటగాళ్ళందరినీ ఒక పూట కూర్చోబెట్టి, పటం ముందు పరచి, ఆ తరువాతే జాతుల పేజీలు తెరవాలి. ఇంగ్లీషులో చదవడానికి ఇబ్బందిపడే ఆటగాళ్ళు మా బల్ల దగ్గరా ఉన్నారు. వారి కోసం గవివాళ్ళ పేజీని తెలుగులో రాసి, అడుగున లైసెన్సు కోరిన వాక్యాన్ని చేర్చి, జిరాక్సులు తీసి పంచాను. ఓర్కుల పేజీ సగం అయింది; మందను రాత్రికి పొలంలో ఆపినందుకు ఎన్ని శేర్ల జొన్నలు కొలవాలన్న దగ్గర, రైతు పాత్ర వేసే అక్కకూ కాపరి పాత్ర వేసే తమ్ముడికీ ఇంకా బేరం కుదరలేదు.